రందికి కారణం వెతకండి: తొర్రూరు నుంచి పది అనుభవ పాఠాలు

మహబూబాబాద్ జిల్లా తొర్రూరు చుట్టుపక్కల ఊళ్లలో నేను ఏఎన్‌ఎంగా పనిచేశాను. బాలింతలనో చంటిపిల్లలనో చూడడానికి పోయినప్పుడల్లా, అరుగు మీదున్న పెద్దవాళ్లు పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు. "నర్సమ్మా, రాత్రి కన్ను మూతపడ్తలేదు", "గుండె దడదడ అంటాంది", "అన్నం సయిస్తలేదు" అని చెప్పుకునేవారు. ఇప్పుడు డెబ్బై దాటిన నేనూ ఆ అరుగు మీద కూర్చునే వయసులోనే ఉన్నాను. వాళ్ల దగ్గర విన్నదీ, నా వయసులో చూస్తున్నదీ కలిపి నాకు తేలింది ఒక్కటే. పెద్ద వయసులో పట్టుకునే రందికి దాదాపు ప్రతిసారీ ఏదో ఒక కారణం ఉంటుంది. అది ఒంట్లో ఉండవచ్చు, భూమి కాగితాల్లో ఉండవచ్చు, ఇంట్లో ఖాళీ అయిన మంచం దగ్గర ఉండవచ్చు. కారణం దొరికితే దారీ దొరుకుతుంది. ఒంటరిగా మోస్తే మాత్రం అది మనాదిగా మారుతుంది.

1. బుగులు వయసులో భాగం కాదు

"ముసలితనమంటే ఇంతే బిడ్డా" అన్న మాట వల్ల ఎందరికో అందాల్సిన వైద్యం అందకుండా పోయింది. 2017–18లో దేశమంతటా 45 ఏళ్లు దాటిన 72 వేల మందిని కలిసి చేసిన లాసీ అనే సర్వేలో, 60 దాటినవాళ్లలో నూటికి ఎనిమిది మందికి పైగా కుంగుబాటు లక్షణాలు బయటపడ్డాయి. డాక్టరు చెప్పగా తమకు ఆ జబ్బు ఉందని తెలిసినవాళ్లు మాత్రం నూటికి ఒక్కరు కూడా లేరు. మిగతావాళ్లంతా దాన్ని వయసు ఖాతాలో వేసుకుని ఊరుకున్నారన్నమాట.

మా దిక్కు పెద్దలు మనసు బాగాలేదని నోరు తెరిచి చెప్పరు. నడుము గుంజుతాందంటారు, తల తిమ్ముతాందంటారు, కడుపుల దేవుతాందంటారు. ఆ నొప్పి అబద్ధం కాదు. రంది కండరాలను బిగబడుతుంది, ఆకలిని చంపుతుంది, నిద్రను చెడగొడుతుంది. పరీక్షల్లో ఏమీ దొరకని నొప్పి నెలల తరబడి ఉంటే, ఇంకో నొప్పిమాత్ర తేవడానికి ముందు పక్కన కూర్చుని "దేనికి రంది పెట్టుకున్నవ్?" అని అడగండి. అడిగినాక జవాబు వచ్చేదాకా లేవకండి.

2. ముందు ఒళ్లు చూపించుకోవాలి

దడ, వణుకు, చెమటలు అన్నీ మనసు నుంచే రావు. షుగర్ మాత్ర వేసుకుని ఒక్కపొద్దు ఉన్నవాళ్లకు షుగర్ పడిపోతే సరిగ్గా ఇవే లక్షణాలు వస్తాయి. చక్కెర నీళ్లు తాగిన కాసేపటికి నెమ్మదిస్తే కారణం తెలిసినట్టే. తర్వాత డాక్టరుతో మాట్లాడి మాత్ర మోతాదు, తిండి వేళలు సరిచేసుకోవాలి. థైరాయిడ్ అవసరానికి మించి పనిచేసినా, రక్తం తక్కువున్నా, గుండె లయ తప్పినా అచ్చం గాబరాలాగే ఉంటుంది. ఆయాసానికి వాడే కొన్ని మందులు కూడా దడ పుట్టిస్తాయి.

కళ్లు, చెవుల సంగతీ అంతే. మాట సరిగా వినపడని మనిషికి ఇంట్లోవాళ్లు తన గురించే గుసగుసలు పెడుతున్నారన్న అనుమానం మొదలవుతుంది. కంట్లో పొర పెరిగిన మనిషికి పొద్దుగూకితే వాకిట్లోకి పోవడానికే భయం. ఈ భయాలు కంటి ఆపరేషన్‌తో, చెవి మిషన్‌తో తగ్గిపోవడం నేను చూశాను.

అందుకే దవాఖానకు పోయేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని పోండి. బీపీవి, షుగర్‌వి, ఆర్ఎంపీ ఇచ్చినవి, పక్కింటివాళ్లు ఇచ్చినవి ఏదీ దాచొద్దు. ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, ఒక్కసారిగా ఊపిరి ఆడకపోవడం ఉంటే గాబరానే అనుకుని కూర్చోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

3. నిద్రమాత్ర, మందు కల్లు ఉన్నట్టుండి ఆపొద్దు

ఈ సంగతి మన తెలంగాణలో ప్రతి ఇంటికీ తెలియాలి. నిద్రకోసం ఇచ్చే ఆల్ప్రజోలం, డైజెపాం లాంటి మాత్రలు కొద్దిరోజులకు వాడితే ఒక తీరు, ఏళ్ల తరబడి వాడితే ఇంకో తీరు. వయసు పైబడ్డవాళ్ల ఒంట్లోంచి ఇవి తొందరగా పోవు. తెల్లారి మత్తుగా ఉంటుంది, మతిమరుపు పెరుగుతుంది, రాత్రి మూత్రానికి లేచినప్పుడు అడుగు తడబడి పడిపోతారు. తుంటి ఎముక విరిగితే ఆ మనిషి మంచం పట్టడం, ఆ ఇంటి రంది రెట్టింపవడం ఒకేసారి జరుగుతాయి.

ఇవే మందులను కొన్ని చోట్ల కల్లులో కలుపుతారు. రోజూ సాయంత్రం ఆ మందు కల్లు తాగే మనిషికి తాను మాత్రకు అలవాటు పడ్డానని తెలియదు. జ్వరం వచ్చో, కూతురింటికి పోయో రెండు రోజులు కల్లు ఆగితే చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు, లేని మనుషులు కనిపిస్తారు, ఫిట్స్ కూడా రావచ్చు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద సర్కారు దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎంతోమంది ఇలాగే దవాఖానల పాలయ్యారు. చాలా ఇళ్లలో దాన్ని గాలి సోకిందనుకుని భూతవైద్యుల దగ్గరకు తిప్పుతారు. అది గాలి కాదు, మందు ఆగడం వల్ల వచ్చే ప్రమాదం.

మానేయాలనుకోవడం మంచి ఆలోచనే. డాక్టరు చెప్పిన తీరులో వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇంట్లోవాళ్లు కోపంతో మాత్రల డబ్బా బయట పారేయడం ప్రాణం మీదికి తెస్తుంది.

4. రాత్రి రెండు గంటలకు ఏ నిర్ణయమూ తీసుకోవద్దు

వయసు పెరిగేకొద్దీ నిద్ర పలచనవుతుంది, మధ్యలో మెలకువలు వస్తాయి. రాత్రి ఎనిమిదికే పడుకున్న మనిషికి రెండింటికి మెలకువ వస్తే అప్పటికి ఆరు గంటల నిద్ర అయిందని లెక్క. అది తెలియక "నాకు నిద్రే పట్టదు" అని భయపడతారు, ఆ భయమే మిగిలిన నిద్రను పోగొడుతుంది. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకండి. సాయంత్రం నాలుగు తర్వాత చాయ్ మానండి. పడుకునే వేళ పదికి జరపండి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర ఇస్తే, దాన్ని పొద్దున వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి.

మెలకువ వచ్చి అరగంట గడిచినా నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోండి. ఆ వేళ తలలోకి వచ్చే లెక్కలన్నీ పెద్దగా కనిపిస్తాయి. కొడుకు అప్పు, మనుమరాలి పెళ్లి, మిర్చి ధర ఒకదాని వెంట ఒకటి వచ్చి పడతాయి. వాటికి పగలు ఒక వేళ కేటాయించండి. పొద్దున చాయ్ తాగినంక అరగంట, నమ్మిన మనిషి ఎదురుగా కూర్చుని ఆ లెక్కలు మాట్లాడండి. చదువు వచ్చినవాళ్లు రాత్రే ఒక కాగితం మీద రాసిపెట్టుకోవచ్చు.

గాబరా ఎక్కువైన క్షణంలో ఊపిరి పనికొస్తుంది. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. వదిలే ఊపిరి పొడవుగా ఉన్నప్పుడు గుండె వేగాన్ని తగ్గించే నరం పనిచేస్తుంది. ఐదు నిమిషాలు చాలు. నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే దీన్ని అలవాటు చేసుకుంటే కష్టకాలంలో వెతుక్కోనక్కరలేదు.

5. భూమి రాసిచ్చే ముందు షరతు రాయించండి

మా దిక్కు పెద్దల గుండెల్లో అన్నిటికంటే లోతుగా ఉండే బుగులు ఇది. "భూమి రాసిచ్చినంక నన్ను చూస్తరా?" ఈ మాట కొడుకుల ముందు అనలేరు, అనకుండా నిద్రపోలేరు. ఈ రందికి మందు చట్టంలో ఉంది.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, చూసుకోని పిల్లల మీద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించే అధికారం దానికి ఉంది. ఎదుటివాళ్లకు నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. మనవలు, మనవరాళ్ల మీదా పెట్టుకోవచ్చు. పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తికి వారసులయ్యే బంధువుల మీద పెట్టుకోవచ్చు. 2016 అక్టోబరులో మన ప్రాంతం మహబూబాబాద్ జిల్లాలో కలిసినప్పుడు తొర్రూరే రెవెన్యూ డివిజన్ అయింది కనుక ఈ పనికి వరంగల్ దాకా పోనక్కరలేదు.

అదే చట్టంలో 23వ సెక్షన్ ఉంది. నన్ను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇచ్చి, తీసుకున్నవాళ్లు చూడకపోతే ఆ దానం చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. షరతు కాగితంలో ఉండడం ముఖ్యం. అలాంటి షరతు లేని బదిలీకి ఈ సెక్షన్ వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి విశాలంగా చదవాలని 2025 జనవరిలో మరో కేసులో చెప్పింది. కోర్టుల దాకా పోయే అవసరం రాకూడదంటే, గిఫ్ట్ డీడ్ రాసేనాడే "జీవితాంతం తిండి, బట్ట, వైద్యం, ఉండడానికి ఇల్లు చూసుకోవాలి" అన్న వాక్యం పెట్టించండి. తొందర లేకపోతే గిఫ్ట్ డీడ్ బదులు వీలునామా రాయండి. ఇద్దరు సాక్షుల సంతకాలతో రాసిన వీలునామాను బతికున్నంతకాలం మార్చుకునే హక్కు మీ చేతిలోనే ఉంటుంది.

రికార్డుల మాటా ఒకటుంది. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. ప్రతి మార్పుకూ పెద్దవాళ్లకు "నా పేరు ఉందో పోయిందో" అన్న గుబులు. పాసుబుక్కు పట్టుకుని, చదువుకున్న పిల్లను వెంటబెట్టుకుని ఒకసారి సర్వే నంబరు, విస్తీర్ణం సరిచూసుకోండి. తప్పుంటే రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోండి. కళ్లతో చూసుకున్నాక సగం భయం పోతుంది.

6. ఫోన్‌లో బెదిరించేవాడు పోలీసు కాడు

"మీ ఆధార్ మీద కేసు అయింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, వీడియో కాల్ కట్ చేయొద్దు" అంటూ వచ్చే ఫోన్లు పింఛనుదారులనే ఎక్కువగా వెతుక్కుంటాయి. జీవితమంతా పోలీస్ స్టేషన్ మెట్లెక్కని మనిషికి ఆ మాటే చాలు గుండె ఆగినంత పని కావడానికి. మన దేశంలో ఏ చట్టంలోనూ డిజిటల్ అరెస్టు లేదు. పోలీసులు, సీబీఐ, బ్యాంకు, కోర్టు ఎవరూ ఫోన్‌లో డబ్బు అడగరు. ఓటీపీ కూడా అడగరు.

నియమం ఒక్కటే పెట్టుకోండి. భయపెట్టే ఫోన్ ఏది వచ్చినా కట్ చేసి, ఇంట్లో ఇంకో మనిషికి చెప్పాకే మరే పనైనా. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే ఆ సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. పిల్లలకు నా మాట: మోసపోయిన తండ్రిని తిట్టకండి. ఆ సిగ్గుతోనే పెద్దవాళ్లు విషయం దాస్తారు, దాచినకొద్దీ కుంగిపోతారు.

7. వాన భయానికి సంచి కట్టి పెట్టుకోవడమే మందు

2024 సెప్టెంబరు 1 నాటి వరదకు ఆకేరు వాగు పొంగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. అప్పటినుంచి వాగుల పక్క ఊళ్లలో ఉరిమితే చాలు, నిద్ర లేచి కూర్చునే పెద్దవాళ్లున్నారు. వాళ్లతో "ఏం కాదు, పడుకో" అంటే భయం పోదు. పాసుబుక్కు, ఆధార్, పింఛను కాగితాలు, పదిహేను రోజుల మందులు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి పైఅటక మీద పెట్టించండి. నీళ్లొస్తే ఎవరింటికి పోవాలో, ఎవరు తోలుకుపోతారో వానకాలానికి ముందే అనుకోండి. చేతిలో లేనిదాన్ని ఆపలేము. చేతిలో ఉన్నంత పని చేసిపెట్టుకుంటే నిద్ర వస్తుంది.

8. దూరమున్న పిల్లలు వేళకు మాట్లాడాలి

హైదరాబాదులో ఉన్నా డాలస్‌లో ఉన్నా, పిల్లల ఫోన్ ఎప్పుడొస్తుందో తెలియకపోవడం ఒక రంది, రాని వేళకు వస్తే ఇంకో రంది. వారంలో ఫలానా రోజు, ఫలానా వేళ అని ఖాయం చేసుకోండి. అప్పుడు ఎదురుచూపు ఆ ఒక్క పూటకే పరిమితమవుతుంది.

"మాత్రలేసుకున్నవా? తిన్నవా?" అని అడిగి పెట్టేయడం మాట్లాడడం కాదు. ఏ విత్తనం పెడితే బాగుంటుందో, పెళ్లిచూపులకు ఎవరిని పంపాలో అడగండి. సలహా అడిగితే మనిషికి తాను ఇంకా ఇంటిపెద్దనన్న ధైర్యం వస్తుంది. పెద్దవాళ్లు కూడా "పిల్లలు పరేషాన్ అయితరు" అని రోగం దాచొద్దు. దాచిన జబ్బు ఒకనాటి రాత్రి ఫోనులో బయటపడితే వాళ్ల పరేషాన్ ఇంకా పెద్దది. వాడకట్టులో ఒక మనిషిని పిల్లలే మాట్లాడి పెట్టాలి. రాత్రి పిలిస్తే పలికే పక్కింటి మనిషి ఉంటే, ఒంటరి ఇంట్లో భయం చాలా తగ్గుతుంది.

9. జోడు పోయినవాళ్లను, జోడును మోస్తున్నవాళ్లను విడవొద్దు

యాభై ఏళ్లు కలిసి బతికిన మనిషి పోతే దుఃఖం జబ్బు కాదు. ఏడవనివ్వాలి, పోయినవాళ్ల మాటలు మళ్లీమళ్లీ చెప్పుకోనివ్వాలి. దినవారాలు అయ్యేదాకా ఇల్లు నిండా మనుషులుంటారు. అసలు కష్టం వాళ్లు వెళ్లిపోయాక మొదలవుతుంది. ఒక్కరికోసం పొయ్యి వెలిగించబుద్ధి కాదు. మగవాళ్లకైతే ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా తెలియదు. ఆ నెలల్లో రోజుకు ఒక పూటైనా ఎవరింటి పంక్తిలోనో కూర్చోబెట్టి తినిపించాలి. ఏడాది గడిచినా ఇంటి పని చేసుకోలేకపోతే, మనుషులను చూడబుద్ధి కాకపోతే అప్పుడు వైద్యం కావాలి.

బతుకమ్మ నాడు భర్తపోయిన పెద్దమ్మలు వెనక్కి తగ్గి గడపలో కూర్చుంటే నా మనసు కలుక్కుమంటుంది. పాటలు ఆఖరిదాకా తెలిసింది వాళ్లకే. చెయ్యి పట్టి వలయంలోకి తీసుకురండి, పాట వాళ్లతో ఎత్తించండి.

ఇంకొందరు మంచంపట్టిన భర్తనో, మతి తప్పిన భార్యనో రాత్రింబవళ్లు చూస్తుంటారు. వాళ్లను ఎవరూ ఎట్లున్నావని అడగరు. వారంలో ఒక్క పూట ఆ మంచం దగ్గర మీరు కూర్చోండి. వాళ్లను గుడికో, చెల్లెలింటికో పోనివ్వండి. మతి తప్పిన మనిషికి పొద్దుగూకే వేళ కలవరం ఎక్కువవుతుంది. చీకటి పడకముందే లైట్లు వేయడం, ఎదురువాదన చేయకపోవడం ఇద్దరికీ మేలు.

10. శక్తి ఉడిగేదాకా ఆగకుండా సాయం అడగాలి

మా పక్కనే బమ్మెర. పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం తెలియని పెద్దలు ఈ దిక్కు తక్కువ. మొసలికి చిక్కిన ఏనుగు తన బలమంతా అయిపోయేదాకా పెనుగులాడి, అప్పుడు పిలిచింది. మనం అంతదాకా ఆగనక్కరలేదన్నదే నేను తీసుకున్న నీతి.

మనసు బాధలు చెప్పుకోవడానికి సర్కారు పెట్టిన టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రింబవళ్లు పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. వృద్ధులకోసం ఎల్డర్ లైన్ 14567 పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. పింఛను, వేధింపులు, చట్టం సంగతులు దాంట్లో అడగవచ్చు. మనసు వైద్యానికి వరంగల్ ఎంజీఎంలో విభాగం ఉంది. అక్కడికి పోతే పిచ్చి అని ముద్ర పడుతుందన్న భయం వద్దు. కుంగుబాటుకు, గాబరాకు ఇచ్చే మందులు చాలావరకు నిద్రమాత్రల లాంటివి కావు. పనిచేయడానికి కొన్ని వారాలు పడతాయి, నడుమ ఆపకూడదు. మాటలతో చేసే చికిత్స కూడా పెద్ద వయసులో బాగా పనిచేస్తుంది.

"నేను పోతే అందరికీ పీడ పోతది" అని పెద్దమనిషి అంటే ఉత్త మాటగా తీసుకోకండి. చావాలనిపిస్తుందా అని నేరుగా అడగండి. అడిగినందుకు ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. వ్యవసాయం ఉన్నవాళ్లు పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచొద్దు, బయట తాళం వేసి తాళంచెవి వేరేవాళ్ల దగ్గర పెట్టండి. అదే రోజు డాక్టరు దగ్గరకు పోవాలి.

నా ఈడువాళ్లకు చివరగా చెప్పేదిది. సాయం అడగడానికి పెద్ద మాటలు అక్కరలేదు. "నాకు బుగులైతాంది, రేపు నన్ను దవాఖానకు తోల్కపో" అంటే చాలు. ఆ మాట విన్నవాళ్లు పత్తి ఏరడం ఉన్నా, పెళ్లి ఉన్నా, రేపంటే రేపే తీసుకుపోవాలి.